నలభై ఏడు, పన్నెండు

రాదు. ఇంకాస్త బలం పెడితే వస్తుందనుకుంటాను, రాదు. ఈ నట్టుకి నామీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. బండి కింద వెల్లకిలా పడుకున్నాను, వీపు కింద పాత అట్టపెట్టె, మొహం మీద రాలుతున్న తుప్పు, కళ్లలోకి పోతున్న పొగ. పొగ బండిది కాదు, వాకిట్లో చలికాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్న ఆడవాళ్లది. ఆరు రేకు పొయ్యిలు, ఆరుగురు ఆడవాళ్లు, అరచేతంత కాయలు చిటపటమంటూ మాడుతున్నాయి, ఈ సెప్టెంబరు శనివారం మా ప్రిలెప్ ఊళ్లో ఏ వాకిలి చూసినా ఇదే వాసన. నేనూ ఈపాటికి అక్కడ కూర్చుని తొక్కలు వలుస్తూ ఎవరి కోడలు ఎలాంటిదో మాట్లాడుకోవాల్సిన దాన్ని. అరవై మూడేళ్ల మనిషిని, చేతుల్లో వేళ్లు సగం పట్టేసిన మనిషిని, ఇక్కడ పడుకుని పానాతో కుస్తీ పడుతున్నాను. ఎందుకు? మా ఆయన సోతిర్ ఉన్నాడే, ఆయన గారు దానకర్ణుడు కాబట్టి. ఏటా ఈ నెలలో పొలాల దగ్గరికి బండి తోలుకెళ్లి, వాకిలి మొత్తానికీ మిరపకాయలు తెస్తాడు కాబట్టి. బండి ఖాళీగానే పోతోంది కదా దింకా, అంటాడు. ఖాళీగానా? లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, నేను కుట్టిన పరదాలు. మంచాల మీద బస్తాలు, బస్తాల మీద బస్తాలు, ఎనిమిది వందల కిలోలు. నిద్రపోవడానికి, ఊళ్లు తిరగడానికి కట్టుకున్న బండి అది. దాన్ని ఎడ్లబండి చేశాడు.

గురువారం తనిఖీకి తీసుకెళ్లాం. అక్కడి మనిషి బండి వెనక నిలబడి తల పక్కకి వంచి చూశాడు. వంచక్కర్లేదు, బండే వంగి ఉంది, ఎడమ చక్రం మీద కూలబడిపోయి, మన ఊరి గడియారపు గోపురంలా. "అమ్మా, వెనక కమాన్లు చచ్చిపోయాయి. మార్పించుకుని రండి, అప్పుడు స్టాంపు వేస్తాను," అన్నాడు. ఆ తర్వాత నాకు అర్థం కాలేదనుకున్నాడు కాబోలు, చేత్తో విల్లులా గీసి చూపించాడు, "ఇలా ఉండాలి పట్టీలు, ఇలా ఒంపుగా, మీవి చదునైపోయాయి," అని. నాకు చెబుతున్నాడు. కమాన్ కట్ట ఎలా ఉండాలో నాకు, తొమ్మిదేళ్లు బస్సు డిపోలో కమాన్లే కట్టిన దానికి, నలభై ఏడో నంబరుకి. ఒళ్లు మండిపోయింది. కానీ మండింది అతని మీద కాదు. అతనికేం తెలుసు పాపం. పక్కనే నిలబడి "అవునండీ, అవునండీ" అంటున్న సోతిర్ మీద. మా ఆవిడ ఒకప్పుడు ఇదే పని చేసేదండీ అని ఒక్క ముక్క అనలేదు. ముప్పై నాలుగేళ్లుగా అనలేదు. ఇంట్లో ఆ మాటే ఎత్తం. ఎవరో పోయిన ఇంట్లో వాళ్ల పేరెత్తనట్టు.

ఇంటికొచ్చాక, నేనే మారుస్తాను అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. డిపోలో ఆ పని పోయిన రోజు నుంచి కమాన్ పట్టీని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న దాన్ని. ఈ బండిలో గిన్నెలు తోమాను, పక్కలు వేశాను, ఒక్కసారి కూడా కిందికి వంగి చూడలేదు, కింద పని ఎప్పుడూ సోతిరే చేసుకునేవాడు. సోతిర్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "ఈ వయసులోనా? మెకానిక్కుని పిలుద్దాం. కట్టకి కట్ట తీసి కొత్తది పెట్టేస్తాడు, పాతది వాడే పట్టుకుపోతాడు." వద్దన్నాను. "నడుం పట్టుకుంటే?" పట్టుకోనీ అన్నాను. అప్పటి నుంచీ మనిషి కుదురుగా లేడు. నిన్న రెండుసార్లు, ఇవాళ పొద్దుట్నుంచి మూడుసార్లు. మొదట పానా కావాలా అని వచ్చాడు. తర్వాత పాత ఇనుము కొనేవాడికి ఫోన్ చేశాను, పదకొండింటికి వస్తాడు, కట్టలు అలాగే ఇచ్చేద్దాం అని చెప్పడానికి వచ్చాడు. మూడోసారి ఏమీ అనకుండా చెప్పులు మాత్రం కనబడ్డాయి, బండి పక్కన, చాలాసేపు, ఎడమ చెప్పు బొటనవేలి దగ్గర అరిగి. నా మీద ప్రేమ కారిపోతోంది అనుకున్నాను. ఇంత ప్రేమ ఆ వేడినీళ్లు లేని పదకొండేళ్లు ఎక్కడికి పోయింది?

వచ్చింది. నట్టు కిర్రుమని అరిచి వచ్చింది. పిడికిలి చట్రానికి కొట్టుకుని వేలి కణుపు చిట్లింది, చిట్లితే చిట్లనీ. మిగిలిన మూడూ సులువు. ఇరుసు కింద జాకీ ఉంది, కొంచెం దించాలి, ఇంకొంచెం, అంతే, ఇంతకంటే దిగితే బ్రేకు గొట్టం లాగేస్తుంది. చూశారా, చేతులకి గుర్తుంది. నేను మర్చిపోయినా చేతులు మర్చిపోలేదు. యూ బోల్టులు ఊడాయి, ముందు పిన్ను ఊడింది, వెనక పిన్నుకి నాలుగు సుత్తి దెబ్బలు, ప్రతి దెబ్బకీ ఒక పేరు పెట్టుకుని కొట్టాను. ఒకటి డిపో డైరెక్టరుకి. ఒకటి ఫోర్‌మన్‌కి. ఒకటి ఆ విచారణ కమిషన్‌లో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్న ఇంజినీరుకి. నాలుగోది నాకు, నలభై ఏడుకి, మతిమరుపు దానికి. కట్ట దబ్బున పడింది. ఐదు పట్టీలు ఒకదాని మీద ఒకటి, విల్లులా ఉండాల్సినవి గుమ్మం చెక్కలా చదునుగా. బయటికి ఈడ్చుకొచ్చాను.

"దింకక్కా, వచ్చి ఒక ముద్ద తినిపో, మొహం చూడు, బొగ్గు మోసినట్టుంది," అంది రిస్తానా, మూడో అంతస్తు ఆవిడ, పొయ్యి దగ్గర్నించి. "నీ మిరపకాయలు మోసే ఇలా అయింది నా బండి," అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆవిడ మంచిదే. ఆవిడకీ తెలుసు. ఈ వాకిట్లో అందరికీ తెలుసు, తెలిసి ఎవరూ ఏమీ అనరు, అదే నాకు కంపరం. చూపులోనే ఉంటుంది, పాపం దింకా, మంచి మనిషే, ఒక్కరోజు పరధ్యానంగా ఉండి పన్నెండో నంబరు బస్సుని గోతిలోకి పంపించింది అని.

పరధ్యానం. ఆ మాట కమిషన్ కాగితంలో రాసి ఉంది. ఎనభై తొమ్మిది, మే నెల. మా అమ్మాయి బ్లాగాకి నాలుగేళ్లు, ఒళ్లంతా తట్టు పోసి మూడు రాత్రులు కళ్లు మూయనివ్వలేదు. పగలు డిపోలో పని. పన్నెండో నంబరు చిన్న బస్సుకి వెనక కట్టలు రెండు, క్రుషెవో కొండ మీదికి పోయే బస్సు, దాన్ని తోలేది నౌమ్. పట్టీలు కాల్చి ఒంపు పెట్టాను, చల్లార్చాను, ప్రెస్సులో పెట్టి బరువు పరీక్ష చేశాను. పరీక్షలో నిలబడిన కట్టకి మూడో పట్టీ పై మొహం మీద ముద్ర కొట్టాలి, కట్టినవాళ్ల నంబరు, పక్కన ఏ బస్సుకో ఆ నంబరు. పై పట్టీ కప్పేస్తుంది దాన్ని, విప్పితే తప్ప కనబడదు, విప్పకుండా ఎవడూ అరగదీయలేడు. అది మా కమాన్ల షెడ్డు పద్ధతి, మా ముసలి మేస్త్రీ పెట్టింది. పట్టీ విరిగితే విప్పి చూస్తారు, నీ నంబరుంటే నువ్వు జవాబు చెప్పాలి. అందుకే మా షెడ్డులో చచ్చిన కట్టని విప్పకుండా పారేయడం తప్పు. ఏ పట్టీ చచ్చిందో, ఎక్కడ చచ్చిందో చూడాలి. చూసి, ఎదురుగా నిలబడి ఒప్పుకోవాలి.

అక్టోబరులో విరిగింది. ఎడమ కట్ట, పెద్ద పట్టీ, కొండ మలుపులో. బస్సు ఒరిగి, జారి, పక్క గోతిలో పడింది. ఇరవై రెండు మంది. ఎవరూ పోలేదు, దేవుడి దయ అన్నారు, కానీ నౌమ్ మోకాలు తలుపుకీ రాయికీ మధ్య నలిగింది. డ్రైవర్లలో మహారాజులా ఉండేవాడు, హారన్ కొట్టడంలో కూడా ఒక దర్జా ఉండేది. తర్వాత కర్ర పట్టుకున్నాడు. విరిగిన కట్ట తెచ్చి విప్పారు. ముద్ర లేదు. స్టోరు పుస్తకంలో నా సంతకం ఉంది, కట్ట మీద నా ముద్ర లేదు. అంటే ఏమిటి? పరీక్ష చేయకుండానే సంతకం పెట్టింది. పిల్లకి జబ్బు, నిద్ర లేదు, పరధ్యానం. "నేను కొట్టాను ముద్ర," అన్నాను. "కొడితే ఏదమ్మా?" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. ఏది? ముప్పై నాలుగేళ్లు నేనూ అదే అడుగుతున్నాను. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, డిపోలో బస్సులు కడుగుతూ. అవును, అక్కడికే మార్చారు, బస్సులు కడిగే చోటికి, పదకొండేళ్లు, చలికాలం చన్నీళ్లు, ఈ వేళ్లు ఇలా అయ్యేదాకా, డిపోని ఎవరో కొనుక్కుని మూసేసేదాకా. సుత్తి ఎత్తిన చెయ్యి గుర్తుంది, ఇనుము మీద అంకె దిగినప్పుడు చేతికి వచ్చే ఆ చిన్న అదురు గుర్తుంది. కానీ అది ఆ రోజు అదురా, ఇంకో రోజుదా? వందల కట్టలకి కొట్టాను. మొదట్లో ఒట్టేసి చెప్పేదాన్ని. తర్వాత అనుమానం వచ్చింది. తర్వాత నమ్మేశాను. నేను మర్చిపోయాను. నా మతిమరుపుకి నౌమ్ కాలు పోయింది. ఈ వీధి చివర కాఫీ కొట్టులో రోజూ కూర్చుంటాడు, పాత డిపోవాళ్లతో. నేను ఆ దారిన పోతే మొహం గోడ వైపు తిప్పుకుంటాడు. ముప్పై నాలుగేళ్లు ఆ మెడ చూస్తూ రొట్టె కొనుక్కోడానికి వెళ్లాను. తిట్టినా బాగుండేది.

ఓదార్చింది సోతిర్ ఒక్కడే. అది మాత్రం చెప్పుకోవాలి. నా తల ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. "మనుషులం కదా దింకా. మూడు రాత్రులు నిద్ర లేదు నీకు. మర్చిపోయి ఉంటావు." ఎంత మెత్తగా అన్నాడు! ఆ మాటే నన్ను కుదిపి పడుకోబెట్టేది. ఎవరైనా నన్ను తప్పు పట్టకుండా ఉన్నారంటే అది మా ఆయనే అనుకునేదాన్ని. డిపో స్టోర్‌కీపరు, అందరితో మంచి, గొంతు పెంచడు, అడిగినవాడికి లేదనడు. అందుకే కదా బస్తాలు.

పది ముప్పావు. గోపురం గడియారం కొట్టలేదు, రిస్తానా అరిచి చెప్పింది ఎవరికో. నిన్న కొనుక్కొచ్చిన కొత్త కట్ట ఎక్కించేశాను ఎడమవైపు, పిన్నులు పెట్టాను, నట్లు చేత్తో తిప్పి వదిలాను, బిగించడం తర్వాత. ఇప్పుడు ఈ చచ్చినదాన్ని విప్పాలి. ఇనుము కొనేవాడు వచ్చేలోగా. సోతిర్ మళ్లీ వచ్చాడు, ఈసారి చెప్పులు కాదు, మనిషి మొత్తం. "అది విప్పకు. ఎందుకు అనవసరంగా? ఎగిరి తగులుతుంది." నవ్వొచ్చింది. నాకు చెబుతున్నాడు. "రెండు క్లాంపులు బిగించాకే విప్పుతాను, పో," అన్నాను. "దింకా, అమ్మా, వద్దు, నా మాట విను." అమ్మా అన్నాడు. ఎప్పుడూ అనడు. నేను తలెత్తి చూశాను, ఆయన మిరపకాయల పొయ్యిల వైపు చూస్తున్నాడు. "కాఫీ పెట్టి తీసుకురా," అన్నాను, పంపించేయడానికి. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. ఆ నడక చూసి కూడా నాకేమీ అనిపించలేదు చూడండి. ఎంత మొద్దుని నేను.

క్లాంపులు రెండూ బిగించాను. మధ్య బోల్టు తల కోసేశాను, నట్టు ఎలాగూ రాదు. క్లాంపులు కొంచెం కొంచెంగా, ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు, తొందరపడితే పళ్లు రాలతాయి. పట్టీలు ఊపిరి వదిలినట్టు విడిపోయాయి. పెద్ద పట్టీ తీశాను. పగులు లేదు. రెండోది తీశాను. పగులు లేదు. విచిత్రం. ఇన్నేళ్లు, ఇన్ని బస్తాలు, ఒక్క చీలిక లేదు, అలిసిపోయి చదునయ్యాయి తప్ప ఎక్కడా విరగలేదు. ఎవరు కట్టారో గానీ మంచి చెయ్యి, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా. డిపో వేలంలో తుక్కు కింద కొన్న చిన్న బస్సు ఇది, పన్నెండో నంబరుకి అక్కలాంటిది, అదే రకం, అవే కొలతలు, ఆ కాలంలో మా షెడ్డులోనే ఎవరో కట్టి ఉంటారు. పట్టీల మధ్య నల్ల గ్రీజు ఇంకా ఉంది, మైనంలా గట్టిపడి. ఇంత దట్టంగా పూసేది షెడ్డులో నేనొక్కదాన్నే, గ్రీజు తగలేస్తున్నావని ఫోర్‌మన్ తిట్టేవాడు. చెయ్యి ఆగింది. గుడ్డ తీసుకుని మూడో పట్టీ మొహం తుడిచాను. ఒకసారి. ఇంకోసారి, కిరసనాయిలుతో.

నలభై ఏడు. పన్నెండు.

ఏడు అంకెకి అడ్డగీత కొంచెం పక్కకి పోయి. నా ముద్ర అచ్చు ఒకసారి కింద పడి మూల విరిగింది, అప్పట్నుంచి ఏడు అలాగే పడేది. వేలు పెట్టి తడిమాను. కొట్టాను. నేను కొట్టాను. ఆ అదురు ఆ రోజుదే. నేను మర్చిపోలేదు. కింద కూర్చుండిపోయాను, మట్టిలో, ఒళ్లో పట్టీ పెట్టుకుని. నా బండి కింద. నా పరదాల కింద, నా పొయ్యి కింద, నేను పడుకున్న మంచం కింద. ఒహ్రిద్ సరస్సుకి ఈ బండిలో మొదటిసారి వెళ్లాం ఆ జూన్‌లో, బ్లాగాకి తగ్గాక. దారంతా సోతిర్ నన్ను ఓరకంటితో చూస్తున్నాడు, ఎలా ఉంది బండి, ఎలా ఉంది, అని. ఊయల్లో ఉన్నట్టుంది అన్నాను. నవ్వాడు, తనలో తాను, మురిపెంగా. ఆ నవ్వు నాకు ఎంత నచ్చిందో. నా భర్త నన్ను చూసి నవ్వుతున్నాడనుకున్నాను. కింద నా పేరు దాచి నవ్వాడు. అందుకా, బండి కిందికి నన్నెప్పుడూ పోనివ్వనిది? "నువ్వు కూర్చో దింకా, కింద మురికి." ముప్పై నాలుగేళ్లు మురికి నాకు అంటకుండా చూసుకున్నాడు, ఎంత మంచివాడు! గుండెలు తీసిన బంటు. అది కాదు, దొంగతనం కాదు, దొంగతనం ఊరంతా చేసింది, డిపో నుంచి ఒక డబ్బా రంగో ఒక అద్దమో పట్టుకుపోనివాడు ఈ ఊళ్లో లేడు, పట్టుకుపోకపోతే చేతకానివాడనేవారు. నా తల ఒళ్లో పెట్టుకున్నాడే. నిమిరాడే. మర్చిపోయి ఉంటావు అన్నాడే. ఆ నోటితో. ఆ వేళ్లతో. అది ఎలా చేయగలిగాడు?

కాఫీ కప్పులు రెండు, చిన్న పళ్లెంలో. సోతిర్ తెచ్చాడు. నా ఒళ్లో ఉన్నది చూశాడు.

"ఇదేంటి?" అన్నాను.

"ఏది?"

"కళ్లజోడు పెట్టుకుని చదువు."

పెట్టుకోలేదు. చదవక్కర్లేదు ఆయనకి. పళ్లెం మెల్లగా నేల మీద పెట్టాడు, చుక్క ఒలకకుండా. ఆ జాగ్రత్త చూసి నాకు ఇంకా మండింది.

"అప్పుడు అందరూ తెచ్చుకునేవాళ్లే దింకా..."

"రంగులు తెచ్చుకున్నారు. అద్దాలు తెచ్చుకున్నారు. పెళ్లాం పేరు ఎవడూ తెచ్చుకోలేదు."

"నీది విరగదని తెచ్చాను." అన్నాడు. "నువ్వూ పాపా కూర్చునే బండి. కొండ దారులు. ఆ షెడ్డులో ఇంకెవరి పని మీదా నాకు నమ్మకం లేదు. స్టోరు అరలో నీ కట్టలు రెండూ కనబడ్డాయి, కొత్తవి, నల్లగా మెరుస్తూ. నా వాళ్ల కింద ఇవే ఉండాలనుకున్నాను. అంతే. ఇంకేం అనుకోలేదు."

"నౌమ్ కింద ఏం పెట్టావు?"

"పాతవి. ముద్రలు కొట్టని రోజుల్లోవి, బాగుచేసినవి. రంగు వేసి నీ చీటీ కట్టాను. అవీ ఒక రెండేళ్లు వస్తాయనుకున్నా."

"మరి కమిషన్ ముందు?"

పొయ్యిల దగ్గర మాటలు ఆగిపోయాయి. మిరపకాయలు మాత్రం చిటపటమంటున్నాయి.

"జైలు దింకా. స్టోర్‌కీపరే తీస్తే జైలు. నీకైతే పని మారుస్తారంతే. బ్లాగా చిన్నది. ఇంటికి ఏది తక్కువ నష్టమో చూశాను."

"చూశావా? ఎవరితో కలిసి చూశావు? నేనున్నానా ఆ గదిలో?"

  ఒకవేళ ఆ రోజు రాత్రి నాకు చెప్పి ఉంటే? దింకా, నేను తీశాను, నువ్వు నింద మొయ్యి, పిల్ల కోసం, అని అడిగి ఉంటే? మోసేదాన్ని. దేవుడి మీద ఒట్టు, మోసేదాన్ని, నవ్వుతూ కడిగేదాన్ని ఆ బస్సులు. అడగలేదు. అడిగితే నేను కాదంటానేమో అని కూడా కాదు, అడగాలనే తోచలేదు. మోస్తుందిలే అనుకున్నాడు. ఈ కమాను మీద బస్తాలు పడేసినట్టే నా మీదా పడేశాడు, ఖాళీగానే ఉంది కదా అని.

ఏడవలేదు. మళ్లీ బండి కిందికి దూరాను. సగం బిగించిన నట్లు వదిలేసి ఎవరితోనూ పోట్లాడకూడదు. యూ బోల్టులు ఒకటి విడిచి ఒకటి, మూలకి మూల, సమానంగా. కోపం చేతిలోకి దిగితే ఒకటి ఎక్కువ బిగుస్తుంది, అదే రేపు తెగుతుంది, అందుకని కోపాన్ని పళ్ల మధ్య పెట్టుకుని లెక్కపెట్టుకుంటూ బిగించాను. కుడివైపు కట్ట కూడా ఊడదీశాను. సోతిర్ పక్కన కూర్చుని అడిగినప్పుడల్లా పానా అందించాడు, నేను చెయ్యి చాచాను తప్ప మొహం చూడలేదు. అదీ విప్పాను. నలభై ఏడు, పన్నెండు. రెండూ నావే. కొత్తది పెట్టి, చక్రాలు ఎక్కించి, జాకీ దించాను. బండి మెల్లగా కిందికి వచ్చి, ఒక్క చోట ఆగి, నిటారుగా నిలబడింది. నడుం నొప్పి పోయిన మనిషిలా ఉంది. తాళాలు తీసి నా జేబులో వేసుకున్నాను. ఇక ఈ బండి నేను తోలతాను. మిరపకాయలు ఎవరివి వాళ్లు మోసుకుంటారు.

పాత ఇనుము బండివాడు ఆలస్యంగా వచ్చాడు, హారన్ కొట్టుకుంటూ. "ఏవమ్మా, కమాన్లన్నారు, ఇవేనా?" అన్నీ తీసుకో అన్నాను, ముద్ర ఉన్న ఈ రెండు పట్టీలు తప్ప. ఒకటి బండిలో మంచం మీద పెట్టాను. రెండోది చూపించి, "ఎత్తు," అన్నాను సోతిర్‌తో.

"ఎక్కడికి?"

"తెలుసు నీకు."

"దింకా, అందరూ ఉంటారక్కడ. సాయంత్రం నౌమ్ ఇంటికి వెళ్లి చెబుతాను. ఒట్టు."

"నా మీద కాగితం అందరి ముందూ చదివారు. ఎత్తు."

ఎత్తాడు. ఏడెనిమిది కిలోలుంటుంది, భుజం మీద పెట్టుకున్నాడు, గ్రీజు శనివారపు చొక్కాకి అంటుకుంది, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆయన ముందు, నేను వెనక. పొయ్యిల దగ్గర రిస్తానా చేతిలో పట్టకారు పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఒక కాయ మాడి బొగ్గయింది. రొట్టె కొట్టు దాటాం, మందుల కొట్టు దాటాం. ప్రతి అడుక్కీ ఆయన నడక నెమ్మదిస్తోంది, వెనక నుంచి నేను నెమ్మదించలేదు. జాలి వేయలేదా అంటే, వేసింది. అరవై ఏడేళ్ల మనిషి, వంగిన వీపు, చెవి వెనక నేను పొద్దున చూసి తుడవమన్న సబ్బు మరక. జాలీ వేసింది, కోపమూ తగ్గలేదు. రెండూ ఒకే గుండెలో ఎలా పడతాయో నాకు తెలీదు, పట్టాయి.

కాఫీ కొట్టు ముందు గొడుగు కింద నలుగురు. నౌమ్ నన్ను చూశాడు, అలవాటుగా మెడ గోడ వైపు తిరిగింది. "బల్ల మీద పెట్టు," అన్నాను. కప్పులు పక్కకి జరిగాయి. ఇనుము దడాలున పడింది, ఆ చప్పుడుకి నౌమ్ మెడ మళ్లీ ఇటు తిరిగింది.  నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్లు నిలబడిన దాన్ని, ఇంకో నిమిషం ఎంత? చివరికి సోతిర్ చెప్పాడు. నాలుగు ముక్కలు. అరలో నుంచి తీశాను. పాతవి పెట్టాను. చీటీ మార్చాను. దింకాకి తెలీదు. చెప్పేటప్పుడు పట్టీ వైపే చూశాడు, ఎవరి వైపూ కాదు. ఒకతను రకియా సారా గ్లాసు సగంలో దించేశాడు.

నౌమ్ సోతిర్ వైపు చూడలేదు. పట్టీని తన వైపు లాక్కున్నాడు. అంకెల మీద వేలు పెట్టాడు, తీశాడు. తర్వాత బొటనవేలు ఒక చివర ఆనించి ఇంకో చివర దాకా లాగాడు, నెమ్మదిగా, పొద్దున బండి తీసేముందు డ్రైవర్లు చూసుకుంటారే అలా. తిప్పి రెండోవైపు లాగాడు.

"ఎక్కడా చీలిక లేదే," అన్నాడు. నాతో. మొహం మొహానికి ఎదురుగా.

"లేదు," అన్నాను.

"ఎన్నాళ్లు తిరిగింది?"

"ముప్పై నాలుగేళ్లు. మిరపకాయలు మోసింది."

తల ఊపాడు. తర్వాత వంగని తన కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకి జరుపుకున్నాడు, పక్కనున్న కుర్చీ నా వైపు తోశాడు. "కూర్చో దింకా."

కూర్చున్నాను. సోతిర్ నిలబడే ఉన్నాడు, భుజం మీద గ్రీజు మరకతో. ఆయనకి ఎవరూ కుర్చీ చూపించలేదు. నేనూ చూపించలేదు.